పూర్వభాగంలో పెద్దల సంఘం

షోలాపూర్‌లో మేము పెట్టుకున్న పెద్దల సంఘం గురించి రాయమని సంపాదకవర్గంవారు నన్ను రెండుసార్లు అడిగారు. మొదటిసారి, "రాయడానికేముంది, నలుగురు ముసలివాళ్ళం ఒకచోట కూర్చుంటున్నాం, అంతే కదా" అని తప్పించుకున్నాను. రెండోసారి అడిగినప్పుడు, వేరే రాష్ట్రాల్లో ఉన్న మన పాఠకులు కొందరు తమ ఊళ్ళో ఇలాంటిది పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని ఉత్తరాలు రాస్తున్నారని చెప్పారు. అలాగైతే తప్పుతుందా! నేను రచయిత్రిని కాను. తెలుగు మాధ్యమం బడిలో ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి 2014లో రిటైరైనదాన్ని. ఇక్కడ మరాఠీవాళ్ళు పంతులమ్మను "బాయి" అంటారు. మా తెలుగు పిల్లలూ అదే అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు ఆ పిల్లల అమ్మమ్మలు కూడా నన్ను బాయి అనే పిలుస్తారు. ఆ పిలుపు నాకు సంఘం పనిలో చాలా అక్కరకొచ్చింది.

మా ఊరు తెలియనివారికి రెండు ముక్కలు. షోలాపూర్ తూర్పు దిక్కును పూర్వభాగం అంటారు. అశోక్ చౌక్, సాఖర్ పేట, దాజీ పేట, నీలంనగర్, ఇలా ఏ వీధిలోకి వెళ్ళినా తెలుగు వినిపిస్తుంది. కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి కరువుకో, అప్పుకో, నిజాం కాలపు బాధలకో తట్టుకోలేక వచ్చిన నేతవాళ్ళ సంతానం మేమంతా. ఈ ఊళ్ళో మొదటి బట్టల మిల్లు 1877లో నడిచింది. మా తాతలకు ముందు మగ్గం, తర్వాత మిల్లు, ఆ తర్వాత మరమగ్గం అన్నం పెట్టాయి. మగవాళ్ళు దుప్పట్లు, తువ్వాళ్ళు నేస్తే, ఆడవాళ్ళు ఇంటి గడపలో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టారు. మా అమ్మ కూడా చుట్టింది. నా ఫీజులు, నా తమ్ముడి పుస్తకాలు అన్నీ ఆ చాటలోంచి వచ్చినవే. వెయ్యి బీడీలకింత అని కూలి. కార్ఖానావాడు ఆకు బాగాలేకపోయినా సరే, బీడీ బాగాలేదని తీసి పక్కన పారేస్తే దానికి కూలి లేదు.

ఇంత కష్టం చేసిన మనుషులు ముసలితనంలో ఎలా ఉంటున్నారో నాకు నిజంగా తెలిసింది 2016 నవంబరులోనే. ఆ నెల 8వ తేదీ రాత్రి 500, 1000 నోట్లు చెల్లవన్న సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. మర్నాడు పొద్దున్నే మా వీధి అవ్వ ఒకావిడ కొంగు కింద ఒక డబ్బా దాచుకొని మా ఇంటికి వచ్చింది. అందులో ఐదువందల నోట్లు. ఎన్నేళ్ళుగా దాచిందో ఏమో, కొన్ని పసుపు వాసన, కొన్ని తంబాకు వాసన. "బాయీ, ఈ పైసలు నా బియ్యం డబ్బల ఉన్నయని కొడుక్కు ఎట్ల చెప్పాలె? చెప్తే ఉంటయా? చెప్పకపోతే ఉంటయా?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ వారంలో అలాంటి డబ్బాలు ఇంకో పదకొండు వచ్చాయి. ఒకావిడ దాచింది తన చావు ఖర్చుకు. ఒకావిడ కూతురి పురిటికి. ఇంకొకావిడ దేనికీ కాదు. "చేతిల ఉంటే ధైర్యం బాయీ" అంది, అంతే.

నోట్ల మార్పిడికి రెండు వారాలే గడువు. నవంబరు 24తో ఆగిపోయింది. డిసెంబరు 30 లోపల బ్యాంకు ఖాతాలో వేసుకోవచ్చు. ఖాతా ఉన్నవాళ్ళ పాస్‌బుక్కు కొడుకు దగ్గరో, మనవడి దగ్గరో ఉండేది. నేనూ, నాతో బడిలో పనిచేసిన ఇద్దరూ, రిటైరైన ఒక మిల్లు జాబర్ కలిసి, రోజుకు నలుగురైదుగురు ముసలమ్మలను వెంటబెట్టుకొని వరుసల్లో నిలబడ్డాం. వరుసలో నిలబడ్డ ఆ ఆరువారాలే మా సంఘానికి పునాది. ఎండలో నిలబడ్డ మనిషికి మాట్లాడటం తప్ప పని ఉండదు కదా. ఒకరి పింఛను ఆగిపోయింది. ఒకరి పీఎఫ్ పుస్తకంలో పేరు వేరు, ఆధార్‌లో పేరు వేరు. ఒకరి ఇల్లు కొడుకు పేరుకు మారిపోయింది. అన్నీ ఆ వరుసలోనే బయటపడ్డాయి. ఒకరి కష్టం విన్నాక ఇంకొకరు, "నాకూ గదే ఉంది" అనేవారు. అంతకుముందు ఒక్కొక్కరూ ఇది తమ ఇంటి గుట్టు అనుకొని మూసిపెట్టుకున్నదే.

మహారాష్ట్రలో ఒక మంచి అలవాటు ఉంది. ఏ పట్నంలోనైనా "జ్యేష్ఠ నాగరిక్ సంఘం" అనేది ఒకటైనా ఉంటుంది. వాటన్నిటికీ ఫెస్కాం అనే రాష్ట్ర సమాఖ్య ఉంది. పురపాలికలు, దాతలు కట్టించిన "విరంగుళా కేంద్రాలు" ఉంటాయి, అంటే పెద్దలు పొద్దుపుచ్చుకొనే చోట్లన్నమాట. మేము నలుగురం ఊరికి పడమటి వైపు ఉన్న ఒక మరాఠీ సంఘానికి వెళ్ళి చూశాం. చాలా మర్యాదగా చూశారు. క్యారమ్ బోర్డు, వార్తాపత్రికలు, పొద్దున నవ్వుల క్లబ్బు, నెలకోసారి డాక్టరు ఉపన్యాసం, పుట్టినరోజులు. వాళ్ళ నియమావళి ప్రతిని మాకు ఉచితంగా ఇచ్చారు. ఇవాళ మా దగ్గరున్న నియమావళికి అదే మాతృక, వారి ఋణం తీర్చలేనిది. అయినా తిరిగి వస్తుంటే మా జాబర్ ఆటోలో ఒక మాట అన్నాడు. "అక్కడ కూచున్నోళ్ళందరికీ ఫస్టు తారీఖున పింఛను పడుతది టీచరమ్మా. మనోళ్ళు పొద్దు ఎట్ల పుచ్చాల్నని అడుగుతలేరు, పూట ఎట్ల గడపాల్నని అడుగుతున్నరు." ఆయన చెప్పింది నిజం. రిటైరైన గుమాస్తాకు, ఉపాధ్యాయుడికి సరిపోయిన సంఘం, అరవైఎనిమిదో ఏట కూడా రోజుకు ఐదువందల బీడీలు చుట్టే మనిషికి సరిపోదు. ఆమెకు ముందు కాగితాలు కావాలి, తర్వాత కంటి ఆపరేషను కావాలి. క్యారమ్ బోర్డు సంగతి ఆ పైన.

2017 సంక్రాంతి వెళ్ళిన ఆదివారం ఒక కుల సత్రంలో మొదటి సమావేశం పెట్టాం. ముప్ఫై మంది వస్తారనుకుంటే డెబ్బై మంది దాకా వచ్చారు. మగవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు, ఆడవాళ్ళు వెనక చాపల మీద. మాట్లాడినవాళ్ళంతా మగవాళ్ళే. పెద్దలను గౌరవించాలి, మన సంస్కృతి ఏమైపోతోంది, ఇలా గంటన్నర నడిచింది. సంస్కృతి గురించి నాకూ గౌరవమే, కానీ గౌరవంతో మందుల చీటీ తీరదు.

చివర్లో మా పేటలో మంచి స్థితిపరుడైన ఒక వ్యాపారస్థుడు లేచి, తన తండ్రిగారి పేరు మీద ఏటేటా రెండువందల మంది వృద్ధులకు దుప్పట్లు పంచుతాననీ, సంఘానికి గది కూడా తానే ఇస్తాననీ, గది ముందు తండ్రిగారి పేరు ఉంటే చాలనీ ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలోంచి వెనక చాప మీద నుంచి ఒక గొంతు వచ్చింది. "బాయీ, దుప్పట్లు నేసినోళ్ళకే దుప్పట్లు పంచుతరా?" ఒక్క క్షణం ఎవరికీ ఏమనాలో తోచలేదు. తర్వాత ఆడవాళ్ళంతా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఆమె మొగుడు నలభై ఏళ్ళు సాంచె మీద దుప్పట్లు నేసినవాడు. ఆమెకు కావలసింది దుప్పటి కాదు, ఆయన పీఎఫ్ డబ్బు.

వ్యాపారస్థుడి మనసు మంచిదే. ఆయన నొచ్చుకున్నాడు, రెండేళ్ళు మాతో మాట్లాడలేదు కూడా. కానీ ఆ రాత్రే మాలో అసలు చర్చ మొదలైంది. ఇది పెద్దలకు సేవచేసే సంస్థా, పెద్దల సంఘమా? వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. సేవాసంస్థలో ఇచ్చేవాడు ఒకడు, పుచ్చుకునేవాడు ఇంకొకడు. నిర్ణయం ఇచ్చేవాడిది. మా జాబర్, ఇంకో ఇద్దరు, గది ఇస్తానంటే కాదనడం తెలివితక్కువని వాదించారు. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. నేను ఆడవాళ్ళ పక్షమే.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. మన దేశంలో వృద్ధుల కోసం పనిచేసే సంస్థల్లో పెద్దదైన హెల్పేజ్ ఇండియా పుట్టిన తీరు ఇలాంటిదే. 1974లో జాక్సన్ కోల్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి మన దేశానికి వచ్చాడు. ఢిల్లీలో శామ్సన్ డేనియల్ అనే ఆయన, ఇక్కడ వృద్ధుల కోసం ఒక సంస్థ పెడతాం, డబ్బు సాయం చేయండి అని అడిగాడు. కోల్ డబ్బు ఇవ్వలేదు, డబ్బు ఎలా పోగుచేయాలో నేర్పిస్తానన్నాడు. డేనియల్ లండన్ వెళ్ళి శిక్షణ పొంది వచ్చి, ఢిల్లీలో బడిపిల్లలతో నడక కార్యక్రమం పెట్టించి చందాలు పోగుచేశాడు. 1978 ఏప్రిల్‌లో సంస్థ రిజిస్టరైంది. కొద్ది నెలల్లోనే బయటిదేశపు సాయం అక్కర్లేని స్థితికి వచ్చింది. మా సంఘం దానితో పోల్చదగినది కాదు, గంగానది ముందు పిల్లకాలువ. అయినా చందా మొదట మన చేతినుంచే రావాలన్న పట్టుదలకు ఆ కథ మాకు బలమిచ్చింది.

చందా నెలకు ఇరవై రూపాయలు పెట్టాం. ఉచితంగా పెడదామని కొందరు అన్నారు. కానీ చందా కట్టిన మనిషి సమావేశంలో లెక్క అడుగుతుంది, ఉచితంగా వచ్చిన మనిషి అడగదు. ఇవ్వలేనివాళ్ళు నెలకు రెండు గంటల పని ఇస్తే సరిపోతుందని రాసుకున్నాం. మంచం పట్టినవారి దగ్గర కూర్చోవడం, ఆసుపత్రికి తోడు వెళ్ళడం, సమావేశం రోజు చాపలు పరవడం, ఏదైనా సరే. విచిత్రమేమంటే డబ్బు ఇవ్వగలిగినవాళ్ళు కూడా చాలామంది పనే ఇచ్చారు.

సంఘం రిజిస్ట్రేషనుకు ఏడుగురు సభ్యులు చాలు. సొసైటీల చట్టం 1860 నాటిది. మహారాష్ట్రలో దానితోపాటు 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద కూడా ధర్మాదాయ కమిషనరు కార్యాలయంలో నమోదు కావాలి. మన పాఠకులు వేరే రాష్ట్రాల్లో ఉంటే ఆ రాష్ట్రపు చట్టం చూసుకోవాలి. నియమావళి మరాఠీలో ఉంది కనుక దాన్ని ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పడానికి మాకు నాలుగు ఆదివారాలు పట్టింది. అలా చెబుతున్నప్పుడే ఆడవాళ్ళు రెండు నియమాలు చేర్చించారు. కార్యవర్గంలో సగం మంది ఆడవాళ్ళుండాలి. అధ్యక్ష పదవి వరుసగా రెండుసార్లకు మించి ఒకే మనిషికి ఉండకూడదు. కాగితం మీద మొదటి ఏడుగురిలో ముగ్గురివి వేలిముద్రలు. గుమాస్తా, "వేలిముద్రవాళ్ళు ఎందుకు, సంతకం చేసేవాళ్ళను పెట్టుకోండి" అని సలహా ఇచ్చాడు. మేము పెట్టుకోలేదు. పని 2018లో పూర్తయింది.

వేలిముద్ర అన్నాను కనుక దాని కథ కూడా చెప్పాలి. మా సంఘం చేసిన పనిలో సగం దీనిచుట్టే తిరిగింది. బీడీ చుట్టేవారి వేళ్ళు చూసే ఉంటారు. తడిపిన తునికాకును కత్తిరించి, తంబాకు పోసి, వేళ్ళ కొసలతో దొర్లించి, మూతి మడిచి, దారం కట్టి, రోజుకు కొన్ని వందలసార్లు, నలభై యాభై ఏళ్ళు. వేలి కొసలు అరిగి అద్దంలా నున్నబడతాయి. వయసుకు చర్మం ముడతలు పడటం ఒకటి తోడు. ఇక యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడదు. ఆ మనిషి ఎవరో యంత్రానికి తెలియదు. మనిషి ఎదురుగా నిలబడి ఉంటుంది, బతికున్నట్టు రుజువు మాత్రం ఉండదు!

పింఛను తీసుకొనేవారు ఏటా బతికున్నట్టు కాగితం ఇవ్వాలి. ఇక్కడ దాన్ని "హయాత్ దాఖలా" అంటారు. ఒకావిడకు వరుసగా ఏడు నెలలు పీఎఫ్ పింఛను ఆగింది. ఏ బ్యాంకో చెప్పను. వెళ్ళిన ప్రతిసారీ, "వేలు తుడుచుకొని రా అమ్మా" అని పంపించారు. ఆమె తుడుచుకుంది, కొబ్బరినూనె రాసింది, నిమ్మకాయ రుద్దింది. ఎనిమిదోసారి మా కార్యవర్గం నుంచి ముగ్గురం ఆమెతో వెళ్ళి, కనుపాపతో గుర్తించే పద్ధతి కూడా ఉంది కదా, ఆ యంత్రం ఎక్కడుందో చెప్పండి అని రాతపూర్వకంగా అడిగాం. వారం తిరక్కుండా పని జరిగింది. ఆమెకు ఏడు నెలల బాకీ ఒక్కసారిగా వచ్చింది. మొత్తం ఏడువేల రూపాయలు. 1995 నాటి పీఎఫ్ పింఛను పథకంలో కనీస పింఛను వెయ్యి అని 2014లో నిర్ణయించారు. ఆ వెయ్యే ఆమెది. 2021 నవంబరు నుంచి ఫోన్‌లో ముఖం చూపించి ఈ దాఖలా ఇచ్చే వీలు వచ్చింది. మా సభ్యుల మనవరాళ్ళు నలుగురు ఆ పని నేర్చుకున్నారు. ఇప్పుడు ప్రతి నెలా రెండో ఆదివారం సత్రం వరండాలో వెలుతురు బాగా పడే చోట కుర్చీ వేసి ఒక్కొక్కరి ముఖం చూపిస్తారు. పీఎఫ్ పింఛను వారికి దాఖలా ఏ నెలలో ఇచ్చినా అక్కడినుంచి ఏడాది చెల్లుతుంది. ఈ సంగతి తెలియక ఇంకా నవంబరులోనే తోసుకుంటూ వెళ్ళేవాళ్ళున్నారు. మీ ఇంట్లో పీఎఫ్ పింఛనుదారు ఉంటే చెప్పండి.

పేర్ల తగాదా ఇంకొకటి. పుట్టింట్లో లక్ష్మవ్వ. ఆధార్ తీసిన మరాఠీ కుర్రాడి చేతిలో లక్ష్మీబాయి. పీఎఫ్ పుస్తకంలో ఉత్త లక్ష్మి. ఒకే మనిషి, మూడు పేర్లు, మూడు పుట్టిన తేదీలు. మా సభ్యుల ఆధార్ కార్డులు చూస్తే ఊరి ముసలమ్మల్లో చాలామంది జనవరి ఒకటినే పుట్టారనిపిస్తుంది! వయసు ఏళ్ళలో చెప్పి తేదీ చెప్పలేకపోతే ఆ తేదీ వేసేశారు. శ్రావణబాళ పింఛనుకు అరవైఐదు నిండాలి. కార్డులో అరవైమూడు పడ్డ మనిషి డెబ్బై ఏళ్ళ నడుముతో ఇంకో రెండేళ్ళు ఆగాలి. ఇలాంటివి దిద్దించడానికి బడి రికార్డులు వెతికేవాళ్ళం. బడి ముఖం చూడనివారికి, పెద్దకొడుకు బడి రిజిస్టరులోని పుట్టిన తేదీ తీసి, తల్లి వయసు ఎంతుండాలో లెక్కగట్టి అర్జీ రాసేవాళ్ళం. కొన్ని ఒప్పుకున్నారు, కొన్ని ఒప్పుకోలేదు.

పింఛను మొత్తాల విషయం వస్తే మా వాళ్ళు ఒక పోలిక తప్పకుండా తెస్తారు. మా సభ్యురాలు ఒకావిడ చెల్లెలు సిరిసిల్లలో ఉంటుంది. ఇద్దరూ బీడీలే చుట్టారు. తెలంగాణలో 2015 నుంచి బీడీ కార్మికులకు ఆసరా పింఛను ఇస్తున్నారు. 2019లో అది 2016 రూపాయలైంది. ఆంధ్రలో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి 4000. మహారాష్ట్రలో శ్రావణబాళ, సంజయ్ గాంధీ పథకాల కింద 2023లో పెంచాక 1500. అది కూడా కుటుంబం ఏడాది ఆదాయం 21,000 లోపల ఉంటేనే. ఇరవైఒక్కవేల రూపాయలతో ఏడాది గడిపే కుటుంబం ఈ కాలంలో ఎక్కడుందో నాకు తెలియదు. "తాత ముంగటికి పోకుండ ఊర్లనే ఉంటే నాకూ వచ్చు గద" అంటుంది అక్క. తాత వలస వచ్చినందుకు మనవరాలి పింఛను తగ్గిందన్నమాట. మన పత్రిక చదివే బయటి రాష్ట్రాల కుటుంబాల్లో చాలామందికి ఈ లెక్క అనుభవంలో ఉండే ఉంటుంది. మనం అక్కడివాళ్ళం కాము, ఇక్కడ అర్జీ రాయడం రాదు. ఆ రెంటి మధ్య ఉన్నవాళ్ళం.

ఇంకో పెద్ద చిక్కు ఇళ్ళది. మా దగ్గర మాట నేర్చిన కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం గారి పోరాటంతో కుంభారి దగ్గర బీడీ కార్మిక స్త్రీలకు పదివేల ఇళ్ళ కాలనీ వచ్చి, 2006లో ఇళ్ళు అందాయి. గోదూతాయి పరుళేకర్ పేరు దానికి. ఆ తర్వాత అసంఘటిత కార్మికులకు రేనగర్ ముప్ఫైవేల ఇళ్ళ పథకం. అందులో పదిహేనువేల ఇళ్ళు 2024 జనవరిలో ఇచ్చారు. ఇది చిన్న విషయం కాదు. బీడీ చుట్టే ఆడదాని పేర ఇల్లు! అయితే ఇల్లు చేతికొచ్చాక దాని మీద కన్ను పడటం కూడా ఉంటుంది. ఊళ్ళో పాత ఇల్లు ఉన్న నేతగాళ్ళదీ ఇదే కథ. "నీ తర్వాత నాకే కద, ఇప్పుడే రాసియ్యి, లోను వస్తది" అని కొడుకు అడుగుతాడు. తండ్రి బక్షీసు పత్రం రాసిస్తాడు. మా సభ్యుడొకాయన అలాగే రాసిచ్చి, తాను కట్టిన ఇంటి వరండాలో మూడేళ్ళు పడుకున్నాడు. భోజనం కంచం బయటికి వచ్చేది.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం చాలామందికి పేరుగానే తెలుసు. దాని 23వ సెక్షను ముఖ్యమైనది. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవారు చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయమని అడగవచ్చు. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పులో, ఈ చట్టం వృద్ధుల మేలుకోసం వచ్చింది కనుక దాన్ని ఉదారంగా చూడాలని చెప్పింది. మా సంఘం దీన్నుంచి తీసుకున్న పాఠం ఒకటే. రాసిస్తే పత్రంలోనే షరతు రాయించండి. అంతకన్నా మంచిది, బతికుండగా రాసివ్వకండి, వీలునామా చాలు. పోషణ కోసం అర్జీ పెట్టుకుంటే ట్రిబ్యునల్ తొంభై రోజుల్లో తేల్చాలి. చట్టం ప్రకారం నెలకు పదివేల వరకూ ఇప్పించవచ్చు. పిల్లలు లేనివారు, తమ ఆస్తి ఎవరికి దక్కుతుందో ఆ బంధువు మీద పెట్టవచ్చు.

వరండా పెద్దాయన మాత్రం అర్జీ పెట్టనన్నాడు. "కొడుకును కచేరీకెక్కిస్తే చుట్టాలు నవ్వుతరు" అన్నాడు. ఆయన మాట దాటి మేము కేసు వేయలేం, వేయకూడదు కూడా. మా ఆడవాళ్ళు వేరే దారి చూశారు. రోజూ సాయంత్రం ఇద్దరు ముగ్గురు వెళ్ళి ఆ వరండాలో ఆయన పక్కన కూర్చొని మాట్లాడి వచ్చేవారు. ఎవరినీ ఏమీ అనలేదు. కోడలు టీ ఇస్తే తాగారు, ఇవ్వకపోతే లేదు. నెలన్నర గడిచాక ఆయన మంచం లోపలి గదిలోకి వెళ్ళింది. సంతోషంతో వెళ్ళిందో, సిగ్గుతో వెళ్ళిందో మాకు అనవసరం. ఇలా ప్రతిచోటా జరగలేదు. ఇంకో ఇంట్లో తలుపే తీయలేదు. అక్కడ వృద్ధుల సహాయవాణి 14567కు ఫోన్ చేయించాం. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతుంది. ఆ తర్వాత అర్జీ కూడా పెట్టించాం. ఆవిడకు ఇప్పుడు నెలనెలా డబ్బు వస్తోంది. కొడుకు మాత్రం రాడు.

సభ్యత్వం ఎవరికి అన్న తగాదా ఒకసారి సంఘాన్ని రెండు ముక్కలు చేసేంతదాకా వెళ్ళింది. మావాళ్ళలో పద్మశాలీలు ఎక్కువ. సంఘం కులానికే ఉంచుదామని కొందరు పెద్దలు పట్టుబట్టారు. సత్రం కులానిది కదా అని వారి వాదన. అంతలో, చిన్ననాటినుంచి మావాళ్ళ పక్కనే కూర్చుని బీడీలు చుట్టిన ఒక ముస్లిం అవ్వ చేరతానని వచ్చింది. తెలుగు మాకన్నా బాగా మాట్లాడుతుంది, అందులో సామెతలు కూడా ఎక్కువే. ఆవిడను కాదంటే తామూ రామని పద్నాలుగు మంది స్త్రీలు లేచారు. చివరికి నియమం ఇలా రాసుకున్నాం. పూర్వభాగంలో ఉండి, అరవై నిండి, సమావేశంలో తెలుగు అర్థమైన వారెవరైనా సభ్యులే. ముగ్గురు పెద్దలు రాజీనామా ఇచ్చారు. ఒకాయన తర్వాత తిరిగి వచ్చాడు. సత్రంలో చోటు మాత్రం కులపెద్దలు ఇప్పటికీ ఇస్తూనే ఉన్నారు. ఆ మంచితనం ఒప్పుకోవాలి.

సభ్యులను పదేసి ఇళ్ళ చొప్పున విడదీసి, ఆ గుంపుకు ఆడవాళ్ళు "కట్ట" అని పేరు పెట్టారు, బీడీకట్టలాగా. కట్టకొక పెద్ద. రోజూ పొద్దున పది ఇళ్ళ ముందునుంచి ఒకసారి నడిచి రావాలి, అంతే పని. ఇది మొదట తమాషాగా అనిపించింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, బీడీ పని ఆగి, వారం కూలి ఆగినప్పుడు దీని విలువ తెలిసింది. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో, ఎవరి బీపీ మాత్రలు అయిపోయాయో కట్టపెద్దకు తెలుసు. దుప్పట్ల వ్యాపారస్థుడు అప్పుడే మళ్ళీ మా దగ్గరికి వచ్చాడు. ఈసారి ఆయన ఏమివ్వాలో మా జాబితా చూసి ఇచ్చాడు. బియ్యం, నూనె, మాత్రలు. పేరు వేయమని అడగలేదు. ఆ రెండేళ్ళలో మావాళ్ళు పదకొండు మంది పోయారు. మా జాబర్ అందులో ఒకడు.

ఇప్పుడు సంఘంలో జరిగే పనులు చాలానే ఉన్నాయి, అన్నీ ఏకరువు పెట్టను. డెబ్బై నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి ఐదు లక్షల దాకా వైద్యం ఉచితంగా జరిగే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు చివర్లో మొదలైంది. ఆ కార్డులు తీయించడం ఈ మధ్య పెద్ద పని. డెబ్బైఐదు నిండినవారికి ఎస్టీ బస్సు 2022 ఆగస్టు నుంచి ఉచితం. దాంతో మా అవ్వలు ఏడుగురు కలిసి తుల్జాపూర్, పండరిపురం చూసి వచ్చారు. జన్మలో మొదటిసారి మగతోడు లేకుండా. వచ్చాక నెల రోజులు అదే మాట. శనివారం సాయంత్రం పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే పని నాది కాదు, మిల్లులో పనిచేసిన ఒక పెద్దాయనది. ఆయన నాలుగో తరగతి. కానీ పిల్లలు నా దగ్గరకంటే ఆయన దగ్గరే ఎక్కువ కూర్చుంటారు, కథ చెబుతాడు కనుక. పిల్లలు ఆయనకు ఫోన్ నేర్పుతున్నారు.

తీరని పనులు కూడా ఉన్నాయి. మతిమరుపు జబ్బు వచ్చినవారి ఇళ్ళల్లో ఏం చేయాలో మాకు పాలుపోలేదు. కట్టపెద్ద వెళ్ళి కూర్చుంటే ఇంటావిడకు ఒక గంట ఊపిరి ఆడుతుంది, అంతవరకే. మగవాళ్ళు సమావేశాలకు తగ్గిపోతున్నారు. భార్య పోయిన మగవాడు అసలే రాడు. వాళ్ళను ఇంట్లోంచి కదిలించడం ఆడవాళ్ళ పింఛను తేవడంకన్నా కష్టంగా ఉంది. ఈ సంగతిలో ఎవరికైనా అనుభవం ఉంటే పత్రిక ద్వారా తెలియజేయ ప్రార్థన.

వచ్చే నెలలో కార్యవర్గం ఎన్నిక. నా రెండు పర్యాయాలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు ఉత్త సభ్యురాలిని. ఈసారి అధ్యక్ష పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకాయన రిటైరైన గుమాస్తా, మరాఠీ, ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. రెండోవారు సంతకం రాని బీడీ కార్మికురాలు, ఆనాడు వెనక చాప మీద నుంచి దుప్పట్ల మాట అడిగినావిడే. ఎవరు గెలుస్తారో చెప్పలేను. మా వీధిలో మాత్రం రోజూ దీని మీదే వాదన.

సంఘం పెట్టదలచినవారు పత్రిక చిరునామాకు ఉత్తరం రాస్తే మా నియమావళి ప్రతి పంపిస్తాం. అసలు మరాఠీలో ఉంది. తెలుగు అనువాదం మా మనవరాళ్ళు చేత్తో రాశారు. మా సభ్యుల కళ్ళకు ఆనేటట్టు అక్షరాలు పెద్దవిగా రాయించాం కనుక కాగితాలు ఎక్కువవుతాయి. తపాలా ఖర్చు మాత్రం దయచేసి పంపగలరు.